రాజనీతిపదములు – ప్రకరణవిచారము
(సైబరాబాదు సీమ నిదర్శనముగా)

భోజనమునకుఁ గూర్చున్నవాఁడు “సైంధవము తెమ్ము” అనిన నుప్పు తెత్తురు. ప్రయాణమునకు సిద్ధమైనవాఁ డా మాటయే యనిన గుఱ్ఱమును తెత్తురు. ఇది పాఠశాలలో శాస్త్రముఖము చూచిన ప్రతిబాలుఁడు నెఱిఁగిన విషయమే. అనేకార్థములు గల శబ్దమునకు ఒకానొకచోట నేది యర్థమో నిర్ణయించు హేతువులను భర్తృహరి వాక్యపదీయమునఁ బరిగణించెను. మమ్మటుఁడు వానిని కావ్యవిచారమునకుఁ దెచ్చికొనెను. ప్రకరణము, విరోధము, కాలము, ప్రయోజనము, దేశము అనునవి వానిలోఁ గొన్ని. కావ్యమును వ్యాఖ్యానించునపుడు మనము వీనిని మఱవము. రాజనీతిని చదువునపుడును, బోధించునపుడును మాత్రము మఱచుచున్నాము. స్థానికుఁడు, ప్రభుత్వభూమి, అభివృద్ధి, ప్రజాతీర్పు మున్నగు మాటలకు ఎక్కడనో యేర్పడిన యొక నిర్వచనమును కంఠస్థము చేసి, దానిని అన్ని చోట్లను, అన్ని కాలములందును ఒకే తీరున నన్వయించుచున్నాము. ఈ పద్ధతి దోషయుక్తమనియు, కావ్యమునకు వలెనే రాజనీతికిని పై యైదు హేతువులు అవసరములనియు నిరూపించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

నిదర్శనమునకు హైదరాబాదు నగరమునకుఁ బడమటనున్న సీమను గైకొందును. మాదాపూరు, కొండాపూరు, రాయదుర్గము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, మణికొండ, కోకాపేట యను గ్రామము లిందులోనివి. 1998 నవంబరు 22వ తేదీని మాదాపూరులో సైబర్ టవర్సు అను భవనమును నాఁటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించెను. ఆ భవనముతో హైటెక్ సిటీయు, క్రమముగా సైబరాబాదు అను పేరును వ్యాపించినవి. ఆ పేరు చిత్రమైన సమాసము. పూర్వపదము ఆంగ్లము, ‘ఆబాదు’ జనావాసమను నర్థము గల పారశీకము, పలుకువారు నానాభాషలవారు. అద్దపుమేడలను మాత్రమే చూచువారు దీనిని చరిత్రలేని క్రొత్తసీమ యందురు. ఊరి పేళ్లే వారి మాటను ఖండించుచున్నవి. రాయదుర్గమున దుర్గశబ్దమున్నది. గచ్చిబౌలి యనఁగా గచ్చుతోఁ గట్టిన దిగుడుబావి యని చెప్పుదురు. మణికొండ పేరు చివర నేఁటికిని ‘జాగీరు’ అను మాట తగిలియున్నది. ఈ సీమలో రాజకీయము క్రొత్తది. రాజకీయపు మాటలు పాతవి. చిక్కంతయు నక్కడనే యున్నది.

మొదటిది ప్రకరణము. 2004వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ శాసనసభ యెన్నికలలో 294 స్థానములకుఁ గాను తెలుగుదేశము 47 మాత్రమే పొందెను. కాంగ్రెసు 185 గెలిచెను. దూరమునుండి చూచి వ్రాసినవా రనేకులు దీనికి వెంటనే యొక వ్యాఖ్య కల్పించిరి: కంప్యూటరును నమ్ముకొన్న ప్రభుత్వమును నాగలి పట్టినవాఁడు దించివైచెననియు, హైటెక్ సిటీపై పల్లె తీర్పు చెప్పెననియు. ఈ వ్యాఖ్య వినసొంపైనది. కేవలము అబద్ధమును గాదు. కఱవును, అప్పులును, రైతుల యాత్మహత్యలును నాఁటి నిజములే. కాని ప్రకరణమును పరిశీలించినచో నిది చాలదని తేలును. కాంగ్రెసు నాఁడు ఒంటరిగాఁ బోటీచేయలేదు. తెలంగాణ రాష్ట్రసమితితోను, కమ్యూనిస్టు పక్షములతోను పొత్తు గూడెను. రాష్ట్రసమితి 26 స్థానములు గెలిచెను. ఆ వోట్లలోఁ బ్రత్యేకరాష్ట్రాకాంక్ష యున్నది. అది నాగలికిని కంప్యూటరునకును జరిగిన తగవు కాదు. మఱియు హైటెక్ సిటీ నాఁడు చేరియున్న ఖైరతాబాదు నియోజకవర్గమే 1999లో తెలుగుదేశమును, 2004లో కాంగ్రెసును ఎన్నుకొన్నది. పల్లె యొక్కటే తీర్పు చెప్పినదైనచో, మేడల నీడనున్న వోటరు మనసేల మాఱెను? ఆ నియోజకవర్గమున మేడలతోపాటు బస్తీలును ఉన్నవని దూరపు వ్యాఖ్యాత యెఱుఁగఁడు.

ఇంకొక సంగతియు గలదు. వై. యస్. రాజశేఖరరెడ్డి 2003 ఏప్రిలులో పాదయాత్ర మొదలిడిన చేవెళ్ల ఈ సీమకు దవ్వు కాదు. 2008 నాఁటి పునర్విభజన తరువాత హైటెక్ సిటీ యున్న శేరిలింగంపల్లి శాసనసభా నియోజకవర్గము చేవెళ్ల లోక్‌సభా స్థానమునఁ జేరినది. నాగలియు కంప్యూటరును ఒకే పార్లమెంటు సభ్యుని నెన్నుకొనుచున్నవి. 2004లో వచ్చిన ప్రభుత్వము సైతము హైటెక్ సిటీని మూయలేదు. 2008లో శంషాబాదు విమానాశ్రయమును తెఱచినది. కావున “పల్లె గెలిచెను, మేడ యోడెను” అను వాక్యము ప్రకరణమును విడిచిన వ్యాఖ్య. అది భోజనపంక్తికి గుఱ్ఱమును తోలుకొని వచ్చుట వంటిది.

రెండవది విరోధము. ‘రామార్జునులు’ అని పోరాటప్రసంగమునఁ జెప్పినచో దాశరథియు, పార్థుఁడును గారు. పరశురాముఁడును, కార్తవీర్యుఁడును అని యాలంకారికులు చెప్పుదురు. వైరమే అక్కడ నర్థమును నిర్ణయించినది. ఎవనికి ప్రతిగా నొక మాట నిలిచినదో తెలియక దాని యర్థము తెలియదు. ‘ముల్కీ’ యను మాట యిందుల కుత్తమోదాహరణము. ముల్కు అనఁగా దేశము; ముల్కీ యనఁగా దేశీయుఁడు. నిఘంటువు ఇంతకన్న జెప్పఁజాలదు. మొదటి సాలార్జంగు పాలనను సంస్కరింపఁ దలఁచి ఉత్తరహిందూస్థానమునుండి ఉద్యోగులను రప్పించెను. నాఁడు ముల్కీ యనినచో ఆ వచ్చినవారికిఁ బ్రతిపక్షము. 1919 నాఁటి ఫర్మానా పుట్టుకచే సంస్థానప్రజయైనవానిని, పదునైదేండ్లు స్థిరనివాసము చేసి తిరిగిపోవు తలఁపు వదలుకొన్నవానిని ముల్కీగా నంగీకరించినది. ఆ ముల్కీలలో తెలుఁగువాఁడు, మరాఠీవాఁడు, కన్నడిగుఁడు, ఉర్దూ పలుకువాఁడు నందఱును గలరు. భాష అక్కడ భేదకము కాదు.

1948లో సంస్థానము భారతదేశమునఁ జేరిన పిమ్మట బయటినుండి వచ్చిన యుద్యోగులలో కోస్తాతెలుఁగువారును ఉండిరి. 1952 నాఁటి ముల్కీ యుద్యమమున విరోధి మాఱఁజొచ్చెను. 1956 నవంబరు 1వ తేదీని ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత, ముఖ్యముగా 1969 నాఁటికి, విరోధి ఒకే భాష మాటలాడు అన్నదమ్ముఁడే యయ్యెను. 1972 అక్టోబరు 3వ తేదీని సుప్రీముకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పఁగా, తెలంగాణమున దానిని రక్షణగాఁ జదివిరి. కోస్తాలోను రాయలసీమలోను వెలివేఁతగాఁ జదివిరి. జై ఆంధ్ర యుద్యమము దాని పర్యవసానము. తీర్పులోని యక్షరములు రెండుచోట్లను ఒక్కటే. విరోధి వేఱగుటచే నర్థము వేఱైనది. మూఁడు విధములైన విరోధులను చూచిన యీ మాటకు ఒక్క నిర్వచనము వ్రాసి పరీక్షలలో నడుగు ఉపాధ్యాయుఁడు విద్యార్థికి చరిత్రను గాక నీడను నేర్పుచున్నాఁడు.

ఈ తగవునకు సమాధానముగా 1973 సెప్టెంబరులో వచ్చినదే ఆఱుసూత్రముల పథకము. ముల్కీ నిబంధనలు రద్దయినవి. రాజ్యాంగమున 371-డి అధికరణము చేరినది. 1975 నాఁటి రాష్ట్రపతి యుత్తరువు ‘స్థానిక అభ్యర్థి’ యను క్రొత్తపదమునకు లక్షణము చెప్పినది. హైదరాబాదున కేంద్రవిశ్వవిద్యాలయమును స్థాపింపవలెననుటయు నా పథకములోనిదే. ఆ విశ్వవిద్యాలయము 1974లో నెలకొని గచ్చిబౌలిలో విశాలమైన భూమిని పొందినది. సాఫ్ట్‌వేర్ సంస్థల నడుమ నేఁడు కనుపించు ఆ విద్యాలయము ముల్కీ యను మాటకు జరిగిన యర్థవివాదమునకు ఫలమని యెందఱు విద్యార్థు లెఱుఁగుదురు? ఇప్పుడు ‘స్థానికుఁడు’ అను మాట ప్రభుత్వోద్యోగమునకు ఒక నియతార్థము గలది. వీథి దాఁటి సాఫ్ట్‌వేర్ సంస్థలో నడుగిడినచో ఆ యుత్తరువు అక్కడ వర్తింపదు. అందుచేతనే అక్కడ స్థానికులకు ఉద్యోగములు కావలెననువాఁడు చట్టములోని మాటను పలుకుచున్నను, చట్టములోని యర్థమును పలుకుట లేదు.

మూఁడవది కాలము. ‘చిత్రభానుఁడు ప్రకాశించుచున్నాఁడు’ అనిన పగలు సూర్యుఁడు, రాత్రి యగ్ని. సాహిత్యపరిశోధకులమైన మనకు మిక్కిలి సన్నిహితమైన ‘ఆంధ్ర’ శబ్దమే కాలముచే నెట్లు మాఱినదో చూడుఁడు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసెను. 1921లో ఆంధ్రజనసంఘము పుట్టెను. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యాధ్వర్యమున ప్రథమాంధ్రమహాసభ జరిగెను. వీనిని నిర్మించినవారు తెలంగాణమువారే. ఉర్దూ రాజభాషగా నున్న సంస్థానమున తెలుఁగువాఁడు తన భాషకు గౌరవము గోరి తన కుంచుకొన్న పేరు ‘ఆంధ్రుఁడు’. నిజాము రాష్ట్రమున తెలుఁగుకవులు లేరన్న యాక్షేపమునకు బదులుగా అదే ప్రతాపరెడ్డిగారు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించి మూఁడువందలకు మించిన కవులను చూపించిరి. 1969 తరువాత అదే నేలపై ‘ఆంధ్ర’ యనినచో ఎదుటివాఁడు. 2014 జూన్ 2వ తేదీని తెలంగాణము ప్రత్యేకరాష్ట్రమైనది. ఆంధ్ర యను పేరు పొరుగురాష్ట్రమునకు మిగిలినది. 1930 నాఁటి మహాసభాపత్రములను 2014 నాఁటి కన్నుతోఁ జదువువాఁడు, తెలంగాణపు పెద్దలు పరాయిపేరును ధరించిరని భ్రమపడును. 2014 నాఁటి నినాదములను 1930 నాఁటి కన్నుతోఁ జదువువాఁడు, వీరు తమ్ముఁ దాము ద్వేషించుకొనిరని భ్రమపడును. ఇద్దఱును పగటి చిత్రభానుని రాత్రి వెదకినవారే.

నాల్గవది ప్రయోజనము. సంసారబంధవిముక్తికై ‘స్థాణువు’ను సేవింపుమనిన శివుఁడు గాని మోడు గాదు. దేనికొఱకు అను ప్రశ్నయే అచ్చట నర్థమును జెప్పును. మణికొండ జాగీరు విషయ మిట్టిది. హజ్రత్ హుస్సేన్‌షావలీ దర్గాకు సంబంధించిన భూమి యెంత యను ప్రశ్నపై నేండ్లతరబడి వ్యాజ్యము నడచినది. 1989 నాఁటి ప్రకటనలో వక్ఫు ఆస్తిగాఁ జూపఁబడినది 5,506 చదరపు గజములు. 2006 నాఁటి సవరణప్రకటనలో నది 1,654 ఎకరముల 32 గుంటలయ్యెను. నడుమ నా భూములలో పెక్కుభాగము పెద్దసంస్థలకుఁ గేటాయింపఁబడి మేడలు లేచుచుండెను. వివాదమంతయు పాత దానపత్రములలోని మాటలపై నిలిచినది. సేవ చేయుదు రను నియమముతో నిచ్చిన జాగీరు దేవునిసొత్తగునా? జాగీరనఁగా నేలయా, నేలపై వచ్చు శిస్తా? 1949లో జాగీరుల రద్దుశాసనము వచ్చినపు డా హక్కు ఏమయ్యెను? 2022 ఫిబ్రవరి 7వ తేదీని సుప్రీముకోర్టు ఆ భూములు ప్రభుత్వమునకుఁ జెందినవని తీర్పు చెప్పి, సవరణప్రకటనను కొట్టివేసెను.

తీర్పు ఎవరికి రుచించినది, ఎవరికి రుచింపలేదు అనుట మన విచారము కాదు. వేలకోట్ల విలువగల భూమికిని, ఒక దర్గాను నమ్ముకొన్నవారి మనోభావమునకును సంబంధించిన తగవు చివరకు జాగీరు, ఇనాము, వక్ఫు అను మూఁడు మాటల ప్రయోజనభేదముపై నాధారపడినదని మనము గమనింపవలెను. ఆ భేదమెఱుఁగనివాఁడు దీనిని మతవివాదమని యొకసారియు, భూమిదోపిడి యని యొకసారియు తనకు తోఁచినట్లు వ్యాఖ్యానించును. పారశీకపదములతో నిండిన పాత రెవెన్యూ పత్రములను చదువఁగలవారు తగ్గిపోవుచున్న యీ కాలమున ఈ యజ్ఞానము ప్రమాదకరము.

అయిదవది దేశము. రాజధానిలో నిలిచి ‘పరమేశ్వరుఁ డిచట వెలుఁగుచున్నాఁడు’ అనినచో రాజని గ్రహింపవలెను. ‘కంచ’ యను మాటను జూడుఁడు. కోస్తావాఁడు దీనిని విన్నచో చేనిచుట్టు వేయు కంచె యనుకొనును. కంచె చేను మేసిన సామెత యతనికి జ్ఞప్తికి వచ్చును. హైదరాబాదు ప్రాంతమున కంచ యనఁగా పశువులు మేయుటకు విడిచిన గడ్డిబీడు. కంచ గచ్చిబౌలి యను పేరులో నున్నది యీ యర్థమే. విశ్వవిద్యాలయము నానుకొనియున్న యా కంచలో 400 ఎకరములను 2003లో నాఁటి ప్రభుత్వము ఒక క్రీడాసంస్థకు నిచ్చెను. 2006లో దానిని రద్దుచేయఁగా వ్యాజ్యము నడచి, 2024లో ప్రభుత్వపక్షమున ముగిసెను. 2025 మార్చి కడపట ఆ నేలపై చెట్లను తొలఁగించుటకు యంత్రములు దిగఁగా విద్యార్థులు నడ్డగించిరి. ఏప్రిల్ 3వ తేదీని సుప్రీముకోర్టు ఆ పనిని నిలిపివేసెను.

రెవెన్యూపత్రములలో నది అడవి గాదని ప్రభుత్వము వాదించినది. చెట్లును, జింకలును, నెమళ్లును ఉన్న చోటు అడవి గాక మఱేమని విద్యార్థులు వాదించిరి. ఇచట నొక చమత్కారము గలదు. 1996 డిసెంబరు 12వ తేదీని గోదవర్మన్ వ్యాజ్యమున సుప్రీముకోర్టే ‘అడవి’ యను మాటకు, భూమి ఎవరి స్వామ్యమున నున్నను, నిఘంటువులోని యర్థమునే గ్రహింపవలెనని చెప్పియుండెను. నిఘంటువు చాలదని యింతదాఁక వాదించితిని. ఇక్కడ నిఘంటువే చెట్టునకు రక్షకమైనది. అయినను నా వాదమునకు భంగము లేదు. రెవెన్యూగుమాస్తా భూమికి పేరు వ్రాసినది శిస్తు నిర్ణయించుటకు. అడవిని గుర్తించుటకుఁ గాదు. ఒక ప్రయోజనముకొఱకు వ్రాసిన మాటను మఱియొక ప్రయోజనమునకు సాక్ష్యముగాఁ దెచ్చుటయే దోషము. ఆ దోషము తొలఁగుటకు నాఁడు కోర్టు నిఘంటువును పిలిచినది.

దేశహేతువునకే యింకొక నిదర్శనము. 2023 సెప్టెంబరు 9వ తేదీని ఆంధ్రప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుఁడు నిర్బంధింపఁబడఁగా, ఈ సీమలోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కొందఱు వీథులలో నిరసన తెలిపిరి. పొరుగురాష్ట్రపు పక్షముల తగవు ఇచట నేల యని నాఁటి తెలంగాణ మంత్రి కల్వకుంట్ల తారకరామారావు ప్రశ్నించెను. నిరసనకారులకు ఆ వీథి తాము నివసించు ఊరు. మంత్రికి నది ఒక రాష్ట్రపు శాంతిభద్రతల ప్రదేశము. విజయవాడలో జరిగినచో ‘నిరసన’ యను నొక్కమాటతో ముగియు సంగతి, గచ్చిబౌలిలో జరుగుటచే ‘ఈ నగరమెవరిది’ యను పాతప్రశ్నను మేల్కొలిపినది. క్రియ యొక్కటే, దేశము దాని యర్థమును మార్చినది.

ఇచట పండితు లొక యాక్షేపము చేయవచ్చును. అన్నిటికిని సందర్భమే ప్రమాణమైనచో రాజనీతి శాస్త్రమెట్లగును? ఎవఁడు ఏమి చేసినను “మా సందర్భము వేఱు” అని తప్పించుకొనఁడా? ఈ యాక్షేపము బలమైనదే. పాలకులు తఱచుగా నా మాటనే చెప్పి బాధ్యతను దాఁటవేయుదురు. కాని భర్తృహరి చెప్పిన హేతువులు శబ్దమునకు లేని యర్థమును పుట్టింపవు. ఉన్న యర్థములలో నొకదానిని నియమించును. ఏ ప్రకరణమునను సైంధవమనిన చెంబు గాఁజాలదు. అట్లే యే సందర్భమునను ‘స్థానికుఁడు’ అను మాట నిన్న వచ్చినవానిని జెప్పదు. ‘ప్రజాతీర్పు’ అను మాట ప్రజలు వేయని వోటును జెప్పదు. కావున సందర్భము స్వేచ్ఛ గాదు, నియమము. శాస్త్రమున సామాన్యముగా నుండవలసినవి సమాధానములు గావు, ప్రశ్నలు: ఏ ప్రకరణమున? ఎవరికి విరోధముగా? ఏ కాలమున? ఏ ప్రయోజనమునకు? ఏ దేశమున? ఈ యైదు ప్రశ్నలు లండనున కైనను, లింగంపల్లికైనను ఒక్కటే.

ఆఱవ ప్రశ్న యొకటి మిగిలినది. దానిని వ్యాఖ్యాత తన్నుఁ దానడుగుకొనవలెను: నేనెక్కడ నిలిచి చదువుచున్నాను? కోస్తావాఁడు ముల్కీని గూర్చి వ్రాసినపుడును, తెలంగాణమువాఁడు జై ఆంధ్రను గూర్చి వ్రాసినపుడును, అద్దపుమేడలోని యుద్యోగి చేవెళ్ల రైతును గూర్చి మాటలాడినపుడును, తన నిలుకడను చెప్పక వ్రాసినచో పాఠకుని మోసపుచ్చినట్లే. తన స్థానమును చెప్పినంత మాత్రమున పక్షపాతము తొలఁగదు గాని, పాఠకుఁడు దానిని తూఁచుకొనుటకు వీలగును.

నా ప్రార్థన చిన్నది. పాఠశాలలలో పౌరనీతిని బోధించు పండితులు ‘సమాఖ్య యననేమి’ అని నిర్వచనము నడుగుటకు ముందు, పిల్లవానిని తన యూరిపేరు అర్థమడుగుదురు గాక. మణికొండ బాలుఁడు జాగీరన నేమో, గచ్చిబౌలి బాలిక కంచ యననేమో పెద్దల నడిగి తెలిసికొని వచ్చినచో, భూమి, హక్కు, పాలన యను మూఁడు పాఠములు వారు సగము నేర్చినట్లే. మిగిలిన సగము మనము చెప్పవచ్చును. అట్లు చేయమేని, రేపటి పౌరులు మాటలకు వోట్లు వేయుదురు. ఆ మాటలు ఉప్పును జెప్పుచున్నవో గుఱ్ఱమును జెప్పుచున్నవో వారికిఁ దెలియదు.